ఎర్ర కారు ఎడమ మడ్‌గార్డు

రాబర్ట్‌సన్‌పేటలో సొన్నప్ప ఇల్లు ఎక్కడ అని అడిగితే, ఏ సొన్నప్ప అని ఎదురు అడుగుతారు. టింకరు సొన్నప్ప అంటే మాత్రం చేతిలో పని వదిలేసి వచ్చి మరీ చూపిస్తారు. కార్ల రేకు సొట్టలు తీసి సాపు చేసే డెబ్బై ఆరేళ్ల మనిషి. కోలారు బంగారు గనులు మూతపడి ఇన్నేళ్లయినా ఆయన ఇంటి ముందు రేకుల షెడ్డులో సుత్తి చప్పుడు మాత్రం మూతపడలేదు. దబదబా బాదే చప్పుడు కాదది. చంటిబిడ్డ వీపు తట్టినట్టు ఉంటుంది.

షెడ్డులో పనిముట్లేమీ ఎక్కువ లేవు. నాలుగు సుత్తులు, రేకు అడుగున పట్టుకునే రెండు ఇనప దిమ్మలు, కాసిని సుద్దముక్కలు, ఒక తోలు సంచి. ఆ సంచి నిండా సైనైడ్ దిబ్బల ఇసుక. గనుల్లోంచి తెచ్చిన రాయిని పిండి చేసి, బంగారం తీసుకుని, మిగిలినదాన్ని ఊరి చుట్టూ కొండలుగా పోశారు కదా, ఆ ఇసుక. గాలి లేచిందంటే ఆరేసిన బట్టల మీదా, వండుకున్న అన్నం మీదా పడేది అదే. దాన్ని తిట్టని ఆడది ఈ ఊళ్లో లేదు. సొన్నప్ప మాత్రం దాన్ని జల్లించి సంచికి పోసి, దానిమీద రేకు పెట్టి కొడతాడు. మామూలు ఇసుకైతే రేకు మీద గరుకు పడుతుంది. ఇది రాగిపిండిలా మెత్తగా ఒదిగి, రేకు ఎటు వంగితే అటు తానూ వంగుతుంది.

ఆయనకు ఇంకో విద్య ఉంది. అరచేతికి సుద్దపొడి రాసుకుని, కళ్లు మూసుకుని, కారు ఒళ్లంతా తడుముతాడు. ఎక్కడ గుద్దుకుంది, ఎక్కడ లప్పం పెట్టి కప్పారు, ఏ తలుపు తర్వాత తెచ్చి బిగించారు, అన్నీ చెప్పేస్తాడు. పాత కారు కొనాలనుకున్నవాళ్లు పెళ్లిచూపులకు పెద్దమనిషిని వెంటబెట్టుకెళ్లినట్టు ఆయన్ని తీసుకెళ్తారు. ఆయన భార్య చిన్నవెంకటమ్మ వచ్చినవాళ్ల ముందే అనేస్తుంది: "ఇంత తెలిసిన చెయ్యి, నా నడుంనొప్పి యాడుండాదో ఇన్నేళ్లలో కనుక్కోలా చూడండి."

అట్లా తీసుకెళ్లేవాళ్లలో విజయేంద్ర ఒకడు. గనుల్లో టైమ్ ఆఫీసు గుమాస్తాగా చేసిన వాసుదేవరావు కొడుకు. బెంగళూరులో పెద్ద ఉద్యోగం చేసి, తర్వాత సొంత కంపెనీ పెట్టి బాగా పైకి వచ్చాడు. పాత విదేశీ కార్లంటే పిచ్చి. బేతమంగళం దగ్గర తోట కొని, అందులో కార్ల కోసమే ఒక పెద్ద షెడ్డు వేయించాడు. మనిషి మంచివాడు. సొన్నప్పను చిన్నప్పటినుంచీ మామా అనే పిలుస్తాడు, వచ్చినప్పుడల్లా చిన్నవెంకటమ్మ చేతి రాగిముద్ద తినిగాని కదలడు.

మొన్న మాఘమాసంలో ఒక పొద్దున వచ్చి, పెళ్లి ఆల్బమంత పుస్తకం ఒకటి సొన్నప్ప ఒళ్లో పెట్టాడు. నున్నటి కాగితాలు, పేజీకొక కారు బొమ్మ. బెంగళూరులో పాత కార్ల వేలం జరగబోతోందట. అందులో ఇటలీ దేశపు రేసు తరహా కార్లు మూడు వస్తున్నాయి. నీలం రంగు లాన్చియా, తెల్ల ఫియట్, ఎర్ర ఆల్ఫా రోమియో. మూడూ ఇద్దరు మాత్రమే కూర్చునేవి, నేలకు ఆనుకున్నట్టుండేవి. మూడింటిలో ఒకటి కొనాలి, ఏది కొనాలో తేల్చుకోలేక విజయేంద్రకు నిద్ర పట్టడం లేదు.

"నువ్వొచ్చి చూసి, నీకు నచ్చిందేదో చెప్పు మామా. నీకు నచ్చిందే నాది. తెచ్చి బేతమంగళంలో పెడతా. దాన్ని చూసుకునేది నువ్వే. రోజూ కారు పంపిస్తా, వచ్చి తుడుచుకో, ముద్దు చేసుకో, నీ ఇష్టం."

సొన్నప్ప పేజీలు తిప్పుతూ మూడో కారు దగ్గర ఆగిపోయాడు. కళ్లద్దాలు తీసి పంచెకొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. రంగు మారింది. అప్పుడు బూడిద రంగు, ఇప్పుడు నెత్తురు రంగు. కానీ ముందు మూతి దగ్గర ఆ మూడు మూలల జల్లెడ, దానికి ఎడమవైపు మడ్‌గార్డు. కుడిదానికంటే ఎడమది నూలుపోగంత కిందికి వాలింది. ఆ వాలు ఇంకెవరికీ కనిపించదు. కొట్టిన చేతికి కనిపిస్తుంది.

ఇది ముందు ఎవరిదప్పా అని అడిగాడు. విజయేంద్ర కింది అక్షరాలు చదివి నవ్వాడు. మొదటి యజమాని మన గనుల్లో పనిచేసిన ఇంజినీరట, మామా, మన ఊరి కారే, అన్నాడు. ఇంకా చదివాడు. అన్ని భాగాలూ ఇటలీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయని రాసి ఉందట. సొన్నప్ప ఏమీ అనలేదు. వస్తానని మాత్రం చెప్పాడు.

ఆ ఏమీ అనకపోవడం వెనక నలభై ఏళ్ల పైచిలుకు నాటి సంగతి ఉంది.

అప్పుడు సొన్నప్ప గనుల వర్క్‌షాపులో టింకరు. ఆయన తమ్ముడు ఆదినారాయణప్ప ఛాంపియన్ రీఫ్ గనిలో కింద రాయి తొలిచే పని. కామసముద్రంలో రాగిచేను చాలక ఇద్దరూ ఇక్కడికి వచ్చి పడ్డవాళ్లే. ఆదికి ఇరవై ఆరేళ్లు, పెళ్లయి ఏడాది. పెళ్లాం పేరు రత్న, గౌనిపల్లి పిల్ల. అందరూ ఒకే ఇంట్లో ఉండేవారు.

విదేశాల్లో చదివొచ్చిన ఒక ఇంజినీరు ఓడలో వేయించుకుని ఆ కారు తెచ్చుకున్నాడు. కామసముద్రం దారిలో ఎదురొచ్చిన ఎద్దులబండిని తప్పించబోయి బండరాయికి గుద్దాడు. ఎడమ మడ్‌గార్డు నలిపిన కాగితమైంది. ఆ రోజుల్లో ఇటలీనుంచి సామాను తెప్పించడమంటే అయ్యే పని కాదు. మనూళ్లోనే చేయించుకుందామని సొన్నప్పను పిలిచాడు. సొన్నప్ప కుడిదాన్ని చూస్తూ, తడుముతూ, ఎడమది కొత్తగా కొట్టడానికి కూర్చున్నాడు. ఇరవై రెండు రోజులు పట్టింది. షిఫ్టు దిగి పైకొచ్చిన ఆది రోజూ నేరుగా వర్క్‌షాపుకే వచ్చి, రేకు అడుగున దిమ్మ పట్టుకునేవాడు. అన్న పైనుంచి కొడుతుంటే, ఏ దెబ్బకు దిమ్మ ఎటు జరపాలో చెప్పకుండానే తెలుసుకున్నాడు.

పని అయిపోయిన రోజు అదొక వింతలా జనం చేరారు. ఇంజినీరూ వచ్చాడు. మడ్‌గార్డు సంచిమీద బోర్లించి ఉంది. ఆదికి మనసు ఉబ్బి, అన్నా, నేనూ ఒక దెబ్బ వేస్తానని సుత్తి తీసుకుని, అన్న ఊ అనేలోపే వేసేశాడు. పొద్దస్తమానం రాయితో పోట్లాడే చెయ్యి అది. రేకంటే ఏం తెలుసు దానికి? దీపం బిగించే చోటికి కిందుగా నెలవంకలా ఒక సొట్ట పడింది.

సొన్నప్పకు తల తిరిగిపోయింది. ఇరవై రెండు రోజుల పని, పైగా ఇంజినీరు ముందు.

"బండలు కొట్టే చేతులు నీవి," అన్నాడు. "పోయి ఆ బండలే కొట్టుకో. ఇంగ నా పనిలో చెయ్యి పెట్టొద్దు."

ఆది మొదట నవ్వబోయాడు. అందరూ చూస్తున్నారని తెలిసి నవ్వు మింగాడు. సుత్తిని దాని చోట జాగ్రత్తగా పెట్టి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత రెండు రోజులు ఒకే ఇంట్లో ఉండి అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. ఆది ముందే తిని పడుకునేవాడు. ఆదివారం సెలవు కదా, అప్పుడు కూర్చోబెట్టి మాట్లాడదాంలే అనుకున్నాడు సొన్నప్ప.

శనివారం పదకొండు గంటలప్పుడు ఇంట్లో గూట్లోని గిన్నెలు గలగలా కదిలాయి. ఈ ఊళ్లో గిన్నెలు కదిలాయంటే అర్థం వేరు. కింద ఎక్కడో రాయి పగిలిందని అర్థం. ఆడవాళ్లంతా పొయ్యిల మీదున్నవి ఉన్నట్టే వదిలేసి గని గేటు దగ్గరికి పరుగెత్తారు. చిన్నవెంకటమ్మ, రత్న, ఇద్దరూ చెప్పులు కూడా లేకుండా వెళ్లారు. మూడో రోజుకు ఆదిని పైకి తెచ్చారు. ముఖం చూడొద్దన్నారు. ఆ మాట చెప్పడానికి వాసుదేవరావు గుమాస్తా తానే ఇంటికి వచ్చి, చెప్పలేక సొన్నప్ప చేతులు పట్టుకుని ఏడ్చాడు. రత్నను ఆఫీసుల చుట్టూ తిప్పకుండా కాగితాలన్నీ తానే రాసి, తానే తిరిగి పని పూర్తి చేశాడు. రత్న గౌనిపల్లికి వెళ్లిపోయింది. పదేళ్ల తర్వాత ఆ పిల్లా పోయింది.

కర్మలైపోయాక సొన్నప్ప వర్క్‌షాపుకు వెళ్లాడు. మడ్‌గార్డు సంచిమీద అట్లాగే ఉంది. ఆ సొట్ట తీయడం ఎంత పని? లోపల దిమ్మ పెట్టి పైన నాలుగు తట్లు తడితే సరి. సుత్తి ఎత్తాడు, దించాడు. చివరికి బయటివైపు సీసం కరిగించి పోసి, నున్నగా ఆకురాయి పెట్టి, రంగు వేయించాడు. బయటినుంచి చూస్తే ఏమీ లేదు. లోపలివైపు మాత్రం తమ్ముడి దెబ్బ అట్లాగే ఉండిపోయింది. ఈ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. కారు బిగించి ఇచ్చేశాడు, ఇంజినీరు బదిలీ మీద కారుతో సహా వెళ్లిపోయాడు.

ఆ కారే ఇప్పుడు వేలానికి వచ్చింది. ఒక్క మాట, ఎర్రది అని ఒక్క మాట చెబితే చాలు. బతికినన్నాళ్లూ రోజూ వెళ్లి ఆ గుర్తు మీద వేలు పెట్టుకోవచ్చు.

విజయేంద్ర చెప్పినదంతా చిన్నవెంకటమ్మ బజ్జీలకు ఉర్లగడ్డలు, అంటే బంగాళాదుంపలు, తరుగుతూనే విన్నది. ఆమె తరుగుతున్న పలక చూసి సొన్నప్ప మొదటిసారి ఉలిక్కిపడ్డాడు. నిరుడు విజయేంద్ర కొన్న ఒక కారులో, స్టీరింగు ముందు అమర్చే చెక్క మైసూరు వడ్రంగి ఎవరో చేసింది ఉండేది. రోజ్‌వుడ్డు, అద్దంలా మెరిసేది. అది అసలుది కాదని తెలియగానే విజయేంద్ర పీకించి పారేసి, ఇటలీనుంచి తెప్పించి పెట్టాడు. మనసొప్పక సొన్నప్ప ఆ చెక్క ఇంటికి తెచ్చాడు. ఇప్పుడు దానిమీద ఉర్లగడ్డలు తెగుతున్నాయి.

వేలం రోజు పొద్దున్నే విజయేంద్ర కారులో ఇద్దరూ బెంగళూరు వెళ్లారు. పెద్ద హోటలు తోటలో పచ్చిక మీద షామియానాలు వేసి, కార్లను పెళ్లికూతుళ్లలా నిలబెట్టారు. మధ్యాహ్నం వేలం, అంతవరకు చూసుకోవచ్చు. ముట్టుకోవాలంటే మాత్రం తెల్ల గుడ్డ చేతొడుగులు వేసుకోవాలన్నారు. సొన్నప్ప సుద్దపొడి పొట్లం తీయబోయి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

నీలంది చూశాడు. వెనకవైపు ఎప్పుడో గట్టిగా తిన్న దెబ్బ ఉందని చేతొడుగు మీదుగానే తెలిసింది. తెల్లది చూశాడు. పుట్టింటినుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది, ఒక్క మచ్చ లేదు. ఇక ఎర్రదాని దగ్గరికి వచ్చేసరికి, అన్ని కార్లు తడిమిన మనిషి, దీని చుట్టూ రెండుసార్లు ఊరికే తిరిగాడు. తర్వాత చెప్పుల పట్టీ సరిచేసుకుంటున్నట్టు ఎడమ చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. కుడిచేతి తొడుగు తీసి జేబులో కుక్కుకుని, మడ్‌గార్డు లోపలికి చెయ్యి పోనిచ్చాడు.

మసి. జిడ్డు. దీపం వెనక మడత. దాని కిందుగా నెలవంక.

పొడుచుకొచ్చి ఉంది, గోరు ఆనితే తగిలేంత. ఆయన వేలు ఆ వంపులో ఈ కొసనుంచి ఆ కొసకు, మళ్లీ ఆ కొసనుంచి ఈ కొసకు పోయింది. పక్కనుంచి ఎవరో, తాతా, పైకి లేవడానికి చెయ్యి ఇవ్వనా అని అడిగితే వద్దని తల ఊపాడు.

విజయేంద్ర వచ్చి పక్కనే కూర్చుని, నీ మనసు దీనిమీదే ఉన్నట్టుంది మామా, దీన్నే ఖాయం చేసుకుందామా అన్నాడు. ఆ ముఖంలో సంతోషం చూస్తే వాసుదేవరావే వచ్చి కూర్చున్నట్టుంది. నోరు మూసుకుని ఊ అంటే సరిపోయేది. కానీ ఆ తండ్రి కొడుకును మోసం చేయడం సొన్నప్ప వల్ల కాదు. నిజం చెబితే?

"ఒక మాట అడుగుతానప్పా," అన్నాడు. "కొన్న కారులో మన పక్క పనోళ్లు చేత్తో చేసింది ఏదన్నా ఉంటే ఏం చేస్తావు? బాగా చేసిందే అనుకో."

"ఎంత బాగా చేసినా నకలు నకలే కదా మామా. తీయించేస్తా. అసలుది తెప్పిస్తా." విజయేంద్ర తడుముకోకుండా అన్నాడు. అంతలో ఏదో తట్టి, "ఎందుకు, దీంట్లో ఉండాదా?" అని అడిగాడు.

తీసేసింది నాకివ్వు అని అడగవచ్చు. అడిగితే కాదనడు, బండిలో వేసి ఇంటికే పంపిస్తాడు. గోడకు తగిలించుకోవచ్చు. సొన్నప్పకు ఉర్లగడ్డల పలక కళ్లముందు ఆడింది. కారుకు ఉంటే మడ్‌గార్డు, గోడకుంటే రేకుముక్క. తాను పోయాక పాతసామాన్లవాడు తూకానికి వేసుకుపోతాడు.

"ఇది నీకు సరిపడదప్పా," అన్నాడు సొన్నప్ప. "తెల్లది తీసుకో. దాని ఒంటిమీద ఎవురి చెయ్యీ పడలా."

విజయేంద్ర ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. మామ వద్దంటే వద్దే, ఎందుకని తిరిగి అడగడం అతనికి అలవాటు లేదు. సరే అని లేచాడు.

మధ్యాహ్నం వేలంలో తెల్లది విజయేంద్రకే వచ్చింది. ఎర్రదాన్ని కోయంబత్తూరునుంచి వచ్చిన పంచెకట్టు పెద్దాయన ఒకాయన పాడుకున్నాడు. ఎవరెంత పాడారన్నది సొన్నప్ప చెవికెక్కలేదు. ఆయన విన్నది ఒక్కటే. ఆ పెద్దాయన కార్లను షెడ్డులో దాచే రకం కాదట, ఆదివారం ఆదివారం తానే నడుపుకుంటూ కొండదారుల్లో తిరుగుతాడట. పుస్తకంలో రాసింది నమ్మి కొన్న ఆ ముసలాయనకు తాను నిజం చెప్పలేదే అన్న ముల్లు ఒకటి గుచ్చుకుంది గాని, సొన్నప్ప దాన్ని పెరుక్కోలేదు, పెరుక్కోవాలనీ అనుకోలేదు.

సాయంత్రం నాలుగింటికి ఎర్ర కారును లారీలోకి ఎక్కించడానికి పలకలు వేశారు. తోసేవాళ్లు ఒక్క నిమిషం ఆగినప్పుడు, సొన్నప్ప వెళ్లి మళ్లీ ఆ చక్రం పక్కన కూర్చున్నాడు. లోపలికి చెయ్యి పోనిచ్చాడు. తోసేవాళ్లలో ఒకడు, ఏమన్నా పడిపోయిందా తాతా అన్నాడు. ఆ ఆదివారం చెబుదామని దాచుకున్నది ఇన్నేళ్లకు సొన్నప్ప నోట్లోంచి వచ్చింది.

"బాగానే కొట్టినావులేరా ఆదీ."

అంతే. చెయ్యి తీసి పక్కకు జరిగాడు. కారు పైకెక్కింది, లారీ తలుపులు మూశారు.

దారిపొడుగునా విజయేంద్ర తెల్ల కారు గురించే మాట్లాడాడు. రేపటినుంచి నీ డ్యూటీ మొదలు మామా అని నవ్వించబోయాడు. సొన్నప్ప అడిగినవాటికి అన్నిటికీ జవాబిచ్చాడు. పాలిష్ పూసేది ఎప్పుడు, గుడ్డ ఏది వాడాలి, వానాకాలం ఎట్లా కప్పాలి, అన్నీ చెప్పాడు. కుడిచెయ్యి మాత్రం ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని కూర్చున్నాడు, పిల్లలు మిఠాయి దాచుకున్నట్టు.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాడు. చిన్నవెంకటమ్మ గడపలోనే, ఏది నచ్చింది అని అడిగింది. తెల్లది అన్నాడు. ఆమె లోపలికి వెళ్లి, ముద్ద, ఉర్లగడ్డల చారు పెట్టి, చెంబుతో నీళ్లు తెచ్చి చేతికి వంచబోయింది. సొన్నప్ప కుడిచెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చూపుడువేలి గోటికింద నల్లటి మసి, ఇసుక కలిసిన జిడ్డు.

"స్పూను ఉంటే ఇయ్యి," అన్నాడు.

ముద్దను స్పూనుతో తినేవాడు కోలారు జిల్లాలో పుట్టలేదు. వీధిలో ఎవరింట ఏం జరిగినా మూలం దాకా తవ్వి అడిగే చిన్నవెంకటమ్మ ఆ మాటకు ఎందుకని అడగలేదు. చెంబు కింద పెట్టి, తానే చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. ముద్ద తుంచి, చారులో అద్ది, ఆయన నోటికి అందించింది. ఆయన మింగేదాకా ఆగి, ఇంకోటి తుంచింది.